రోహిణి కార్తెలో జలపాతం

తూర్పు కొండల ఒడిలో ఒకానొక రాజ్యం ఉండేది. పేరు మణిగిరి. దాన్ని ఉద్దండభూపతి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పన్నులు మితంగానే వేసేవాడు, అనవసరంగా యుద్ధాలకు పోయేవాడు కాదు. కాకపోతే తన కొలువులో చదివిన మాట ఏదైనా సరే నిజమై తీరాలని ఆయన నమ్మకం. నిజం కాకపోతే తప్పు మాటది కాదు, లోకానిదే అనుకునేవాడు.

ఈ నమ్మకానికి నీళ్లు పోసి పెంచినవాడు ఆస్థానకవి కంఠీరవభట్టు.

ఏటా వసంతకాలం రాగానే మణిగిరి కోటలో వసంతవర్ణనోత్సవం జరిగేది. కొలువుకూటం కిటికీలన్నిటికీ పట్టుతెరలు దించేవారు. తోటలో కోయిలలు కూసి పద్యానికి అడ్డం రాకుండా వాటిని తోలడానికి మనుషుల్ని పెట్టేవారు. లోపల రాజు గద్దె మీద కూర్చుని, వసంతం ఎలా ఉంటుందో కంఠీరవభట్టు నోట వినేవాడు. బయట వసంతం తన మానాన తాను వచ్చి, ఉన్నన్నాళ్లు ఉండి, వెళ్లిపోయేది.

కంఠీరవభట్టు ఒక్కో ఏడు రాజ్యంలో ఒక్కో చోటును ఎంచుకుని వర్ణించేవాడు. అలాగని ఆ చోట్లకు వెళ్లేవాడు కాదు. వెళ్లి వచ్చినవాళ్ల దగ్గర నాలుగు ముక్కలు విని, మిగతాది పాండిత్యంతో నింపేవాడు. నాకు కవులంటే కోపమేమీ లేదు. ఇంట్లో కూర్చుని రాస్తే రాసుకోవచ్చు. చిక్కల్లా ఆ తర్వాత వచ్చేది.

వర్ణన ముగిసి, శాలువాలు కప్పడాలు అయి, రాజుకు కాస్త తీరిక చిక్కేసరికి ఎండలు ముదిరిపోయేవి. అప్పుడాయన ఏనుగులూ పల్లకీలూ సిద్ధం చేయించుకుని, వర్ణించిన చోటు వర్ణించినట్టు ఉందో లేదో చూడటానికి బయల్దేరేవాడు.

ఒక ఏడు కొంగలకొలను వంతు వచ్చింది. తెల్లని పక్షులు నీరు కనబడనంతగా వాలి ఉంటాయని పద్యం. రాజు వెళ్లేసరికి నీరు కనబడని మాట నిజమే. కొలను ఎండి, నెర్రెలు విచ్చి, నడుమ మిగిలిన బురదలో ఒక గేదె పడుకుని ఉంది. పక్షులు మాఘమాసంలో వస్తాయనీ, ఎండలకు ముందే పోతాయనీ ఊరివాళ్లు మొత్తుకున్నారు. రాజు వస్తున్నాడని తెలిసి కూడా పక్షులను పోనిచ్చినందుకు ఆ ఊరి పచ్చికబీడును లాక్కుని కోట గుర్రాలకు ఇచ్చేశారు.

మరో ఏడు మోదుగలవనం వర్ణించాడు కవి. పూలు పూసి, అడవికి నిప్పంటుకున్నట్టు ఉంటుందని చదివాడు. రాజు వెళ్లేసరికి పూలు ఎప్పుడో రాలిపోయి, ఎండుగడ్డి రాజుకుని, అడవికి నిజంగానే నిప్పంటుకుని ఉంది. పద్యం అక్షరాలా నిజమైందని రాజు ఎంతో సంతోషించి, దగ్గుతూ దగ్గుతూ అక్కడి గ్రామపెద్దకు పట్టుశాలువా కప్పాడు. పాపం ఆ పెద్ద అప్పుడు తన ఇంటి కప్పు మీది మంట ఆర్పుకుంటున్నాడు.

ఆ కొలువులో బయ్యన అని ఒకడుండేవాడు. రాజుగారి విడిది ఏర్పాట్లు చూడటం అతని ఉద్యోగం. రాజు ఎక్కడికి ప్రయాణమైనా ముందుగా వెళ్లి గుడారాలు వేయించాలి, వంటశాలకు చోటు చూడాలి, నీళ్ల బండ్లు నిలిపించాలి. ఈ నీళ్ల బండ్ల సంగతి కాస్త చెప్పాలి. ఉద్దండభూపతి పరాయి ఊరి నీళ్లు ముట్టుకునేవాడు కాదు. కోటబావి నీళ్లు తోలుతిత్తుల్లో నింపించి, వట్టివేళ్లూ పచ్చకర్పూరమూ వేయించి, బండ్ల మీద వెంట తెప్పించుకునేవాడు. తాగడానికి కొన్ని, స్నానానికి చాలా. పొరపాటున కూడా ఇంకొకరు వాడకుండా ప్రతి తిత్తి మీదా రాజముద్ర వేసి ఉండేది.

బయ్యనకు నోటి దురుసు కొంచెం ఎక్కువే. అయినా భోజనాల దగ్గర అతను లేకపోతే రాజుకు ముద్ద దిగేది కాదు. అందుకని అతని నోరు అతని ఉద్యోగానికి చేటు తేలేదు.

ఆ ఏడు కంఠీరవభట్టు వర్ణించింది వెన్నెలధారను. ఊటగూడెం అనే చిన్న ఊరి పైన, కొండకొమ్ము నుంచి దూకే జలపాతం అది. వెండిజరీ చీర ఆరేసినట్టు ఉంటుందనీ, క్షణమైనా ఆగదనీ, దగ్గరికి పోతే సుగంధం వస్తుందనీ చదివాడు. రాజు పరవశించిపోయి ప్రయాణానికి ముహూర్తం పెట్టించాడు. ముహూర్తం సరిగ్గా రోహిణి కార్తెలో కుదిరింది.

బయ్యన బండ్లతో ముందుగా ఊటగూడెం చేరుకున్నాడు. ఊరి పెద్ద పోలినాయుడు తలపాగా విప్పి చేత పట్టుకుని ఎదురొచ్చాడు.

"నాయుడూ, వెన్నెలధార ఏదీ?" అని అడిగాడు బయ్యన.

పోలినాయుడు చెయ్యెత్తి చూపించాడు. కొండకొమ్ము నుంచి కిందిదాకా నల్లటి రాయి ఒకటి నిలువునా ఉంది. దాని మీద నీరు జారిన చార తెల్లగా ఎండిపోయి ఉంది.

"అదే బాబూ," అన్నాడు పోలినాయుడు. "మాగమాసం కాడి నుంచి ఉగాది దాటినదాకా వొచ్చుంటే సూడాల దాని అందం. కొండంతా కొండగోగులు పూసి పచ్చగా మెరిసిపోతాది. ఆ తుంపరకి ఊరంతా సల్లగుంటాది. ఇప్పుడేటుంది? బల్లులు కూడా నీడ ఎతుక్కుంతన్నాయి."

"ఈ మాట ముందుగా కోటకు కబురు పెట్టకపోయావా?"

"ఎట్టకేం బాబూ! ఎట్టినాను. పద్యం అయిపోనాది, ఇంక మార్సడం అవ్వదని కవిగోరు తిరిగి కబురంపినారు."

కబురుతో పాటు ఒక ఆజ్ఞ కూడా వచ్చిందట. కొండ నడుమ రాతిసందులో ఉన్న ఊటనీళ్లు తోడి, కొమ్ము మీదికి మోసి, రాజు చూసే వేళకు ఊరివాళ్లే పైనుంచి పోయాలట. పద్యం పరువు దక్కించాలట.

పోలినాయుడు బయ్యనను తీసుకెళ్లి ఆ ఊట చూపించాడు. రాతి తొట్టిలో నిలిచిన కాసిని నీళ్లు, అందులోకి సన్నగా జారే తడి. కడవ పట్టుకుని ఓపిగ్గా కూర్చుంటేగాని నిండేట్టు లేదు.

"ఊరికీ గొడ్డుకీ వానలు పడీదాకా ఇదే ఆధారం బాబూ," అన్నాడతను. "దీన్ని తోడి రాయి మీద పోసీసినామంటే పిల్లలకి గుక్కెడు నీళ్లుండవు. పొయ్యకపోతే రాజుగోరు ఊరు లేపేస్తారు. కొంగలకొలను కాడ ఏటయ్యిందో మాకు తెలీదేటి? ఏటి సెయ్యమంటావో నువ్వే సెప్పు."

తాను వేయించే గుడారాలు ఎత్తేశాక ఆయా ఊళ్ల గతి ఏమవుతోందో బయ్యనకు తెలియనిది కాదు. ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నందుకు అతనికి సిగ్గేసింది.

"ఊట జోలికి పోకండి," అన్నాడు చివరికి. "ఎవరడిగినా బయ్యన వద్దన్నాడని చెప్పు."

"నీ పీక మీదికొస్తాది బాబూ!"

"వచ్చినప్పుడు చూసుకుందాం."

ఆ సాయంకాలం రాజు విడిది చేరాడు. ఏనుగు దిగేసరికి ఆయన ముఖం కందగడ్డలా ఉంది. వట్టివేళ్ల నీళ్లతో స్నానం చేసి, మరో తిత్తెడు తాగి, గుడారం ముందు ఆసనం వేయించుకుని కూర్చున్నాడు. పక్కనే కంఠీరవభట్టు తాటాకుల కట్టతో నిలబడ్డాడు. ఎదురుగా పోలినాయుడు చేతులు కట్టుకుని ఉన్నాడు.

బయ్యన ముందు నిజమే చెప్పి చూశాడు. "ప్రభూ, ధార ఎండిపోయింది. పద్యం ఉగాది నాటిది. మనం రోహిణి కార్తెలో వచ్చాం."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "కంఠీరవా, పద్యం ఏమంటోంది?"

"క్షణమైనా ఆగని ధార అంటోంది మహాప్రభూ."

"విన్నావా బయ్యనా? ఆగదని పద్యం అంటుంటే ఆగిందని నువ్వంటావు. ఎవరిని నమ్మాలి?"

"రాయిని నమ్మండి ప్రభూ. ఇక్కణ్నుంచి కనబడుతూనే ఉంది."

కంఠీరవభట్టు గొంతు సవరించుకున్నాడు. "మహాప్రభూ, నీరు కొండలోనే ఉంది. ఈ ఊరివాళ్ల సోమరితనం వల్ల బయటికి రావడం లేదు. అయినా వసంతం లేకపోవడమేమిటి? తమరు అడుగుపెట్టిన చోట వసంతం ఉండక ఎక్కడికి పోతుంది?"

ఆ మాట రాజుకు బాగా నచ్చింది. "అదీ సంగతి. మేమెప్పుడు వస్తే అప్పుడే వసంతం!" అని, చెంపల మీద కారుతున్న చెమట ఉత్తరీయంతో ఒత్తుకున్నాడు. వింజామరలు వీచేవాళ్లు చేతులు మార్చుకున్నారు.

తర్వాత ఆయన పోలినాయుడి వైపు తిరిగి తీర్పు చెప్పాడు. మర్నాడు పొద్దెక్కేసరికి వెన్నెలధార పడాలి. పడకపోతే ఊటగూడెం ఖాళీ చేయించి, కొండను ఏనుగుల మేతకు వదిలేస్తారు.

అప్పుడు బయ్యన ఒక అడుగు ముందుకు వేసి దండం పెట్టాడు.

"ప్రభూ, ధార పడే పూచీ నాది. కాని ఊరివాళ్లు మోటుమనుషులు. వాళ్ల చేతుల మీదుగా పడిన ధార తమబోటి వారు చూడదగ్గట్టు ఉండదు. రాజవిడిదిలోని సామగ్రి వాడుకోమని సెలవిస్తే పద్యంలో ఉన్నట్టే పడేలా చూస్తాను. సుగంధంతో సహా."

"విడిదిలో ఉన్నదేదైనా వాడుకో. మళ్లీ మమ్మల్ని అడగనక్కర్లేదు. ధార మాత్రం పడాలి."

"ఎవరూ అడ్డు చెప్పకూడదు ప్రభూ."

"అడ్డు చెప్పినవాడి సంగతి మేం చూసుకుంటాం."

"కంఠీరవభట్టుగారు విన్నారు కదా?" అని అడిగాడు బయ్యన.

"విన్నాం, విన్నాం," అన్నాడు కవి. విడిదిలోని మోకులూ గంగాళాలూ ఇచ్చి ఊటనీళ్లే మోయిస్తాడు కాబోలనుకున్నాడు ఆయన. తన పద్యం గట్టెక్కుతోందని ఆ పూట హాయిగా భోజనం చేశాడు.

తెల్లవారగానే బయ్యన రాజుగారి నీళ్ల బండ్లు విప్పించాడు. రాజసేవకులు తిత్తులు భుజాన వేసుకుని వెనక దారిన కొండెక్కారు. తాగే నీళ్లు, స్నానపు నీళ్లు అన్న భేదం చూడలేదు. ఒక్క తిత్తి మిగల్చకుండా కొమ్ము మీదికి చేర్చారు. ఒక ముసలి సేవకుడు మాత్రం బయ్యన చెవిలో, "అయ్యా, ప్రభువులకు దాహమైతేనో?" అన్నాడు. "విడిదిలో ఉన్నదేదైనా అని ఆజ్ఞ. దాహం మాట ఆజ్ఞలో లేదు," అన్నాడు బయ్యన.

రాజు స్నానం సంగతి ఎత్తేసరికి, దర్శనమయ్యాక ఆ ధార కిందనే స్నానమైతే ఠీవిగా ఉంటుందని బయ్యన మనవి చేశాడు. రాజు సరేనని, పాలు మాత్రం తాగి బయల్దేరాడు.

రాతికి ఎదురుగా ఛత్రం కింద సింహాసనం వేశారు. ఎండ అప్పటికే నెత్తి మాడుస్తోంది. కంఠీరవభట్టు తాటాకులు విప్పి మొదటి పద్యం ఎత్తుకున్నాడు. బయ్యన తల మీది గుడ్డ తీసి పైవాళ్లకు సైగగా ఊపాడు.

కొమ్ము మీద తెల్లగా ఏదో మెరిసింది. మరుక్షణం సన్నని ధార నల్లరాతి మీదుగా జారి కిందపడింది. దానితోపాటు వట్టివేళ్ల చల్లని వాసన, పచ్చకర్పూరం ఘుమఘుమ వచ్చి రాజుగారి ముక్కుకు తగిలాయి.

రాజు లేచి నిలబడ్డాడు. "కంఠీరవా! సుగంధం! సుగంధం కూడా వస్తోంది!"

కంఠీరవభట్టు అంతకన్నా ఎక్కువగా ఆశ్చర్యపోయాడు. జలపాతానికి సుగంధం ఉంటుందని రాసింది తానేగాని, ఉంటుందని ఆయన ఏనాడూ అనుకోలేదు. తన ప్రతిభ మీద తనకే కొత్తగా గౌరవం పుట్టింది. గొంతు పెంచి రెండో పద్యం అందుకున్నాడు.

కాసేపటికి బయ్యన వంగి, "ప్రభూ, దర్శనం అయినట్టేనా? ధార ఆపించమంటారా?" అని అడిగాడు.

"ఆపడమా? పద్యాలు పూర్తయ్యేదాకా పడనీ."

"ఎంత పడితే అంత తరుగుతుంది ప్రభూ. మళ్లీ కావాలంటే దొరకదు."

"తరగనీ! కంఠీరవా, ఆ వెండిజరీ పద్యం ఇంకోసారి చదువు."

కంఠీరవభట్టు ఇంకోసారి చదివాడు. రాజు మళ్లీ చదవమన్నాడు. కవి మళ్లీ చదివి, ఆ ఊపులో అప్పటికప్పుడు మరో పద్యం కూడా అల్లేశాడు. పైన సేవకులు తిత్తి తర్వాత తిత్తి బోర్లిస్తూనే ఉన్నారు. పొద్దు ఎక్కుతూనే ఉంది.

ఇంతలో ఎవరి చేయి జారిందో, ధారతోపాటు ఒక తోలుతిత్తి దబ్బుమని వచ్చి రాజుగారి పాదాల దగ్గర పడింది. దాని మీద రాజముద్ర స్పష్టంగా కనబడుతోంది.

కంఠీరవభట్టు తడుముకోలేదు. "చూశారా మహాప్రభూ! కొండ కూడా తమ ముద్ర ధరించి ఏలుబడికి తలవంచింది!" అన్నాడు.

"ఎంత భక్తి!" అని రాజు ఆ తిత్తిని చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. నిజం కాళ్ల దగ్గరకొచ్చి పడినా ఆయన అలా మురిసిపోతుంటే పోలినాయుడు బిక్కచచ్చిపోయి బయ్యన వంక చూశాడు.

చివరి పద్యం చివరి పాదానికి ముందే ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. తడిసిన రాయి చూస్తుండగానే ఎండిపోయింది.

రాజు సింహాసనంలో కూలబడ్డాడు. అంతసేపూ అహో అహో అని అరిచి ఆయన గొంతు పిడచగట్టుకుపోయింది. "దాహం," అని చెయ్యి చాచాడు.

నీళ్లందించే సేవకుడు వెండిగిన్నె పట్టుకుని తలవంచుకు నిలబడ్డాడు. గిన్నె ఖాళీగా ఉంది.

"ఏరా, మా నీళ్లేవి?"

సేవకుడు బయ్యనను చూశాడు. బయ్యన రాయిని చూశాడు.

"ప్రభువులు ఇంతసేపూ చూసి మెచ్చుకున్నారు," అన్నాడు బయ్యన.

రాజుకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. చేతిలోని తిత్తిని చూసుకున్నాడు. వాసన చూశాడు. ముఖం ఎర్రగా మారింది.

"మా తాగేనీళ్లు కొండ మీంచి పారబోశావా?"

"స్నానపు నీళ్లు కూడా ప్రభూ. తాగే నీళ్లు రెండో పద్యానికే అయిపోయాయి."

"పట్టుకోండి వీణ్ని!" అని గర్జించబోయాడు రాజు. గొంతు ఎండిపోవడం వల్ల గర్జన సగంలో కీచుమంది. అయినా భటులు వచ్చి బయ్యన రెక్కలు విరిచి పట్టుకున్నారు. రాజుకు కోపం వస్తే తల తీయడానికి ముహూర్తం చూడరు. బయ్యనకు ఆ సంగతి తెలుసు.

కంఠీరవభట్టు ఆగలేకపోయాడు. "మహాప్రభూ, ఇది రాజద్రోహం! ఊటనీళ్లు మోసి పోయమని నేను ముందే ఊరివాళ్లకు ఆజ్ఞ పంపాను. ఈ బయ్యన నా ఆజ్ఞ తోసిపుచ్చి తమ నీళ్లు పోయించాడు!"

రాజు మెల్లగా ఆయన వైపు తిరిగాడు. "పోయమన్నావా? ఎందుకు పోయమనడం? ఆగని ధార అని కదా పద్యం?"

కంఠీరవభట్టు చేతిలోని తాటాకులు సర్దుకోసాగాడు.

"చెప్పు కంఠీరవా. ధార ఉందా, లేదా?"

"ఉగాదికి... ఉంటుందని విన్నాను మహాప్రభూ."

"విన్నావా? చూడలేదూ?"

కవి తల దించుకున్నాడు. ఇన్నేళ్లుగా తాను చేసిన తనిఖీలన్నీ రాజు మనసులో తిరుగుతూ ఉండాలి. కాని దాహం ఆయన్ను ఎక్కువసేపు ఆలోచించనివ్వలేదు.

"బయ్యనా, ఆ ఊటనీళ్లే పోసి ఏడవకపోయావా! మాకు ఈ అవస్థ తప్పేది."

"తప్పేది కాదు ప్రభూ," అన్నాడు బయ్యన, భటుల చేతుల్లోంచే. "తమరు విడిదిలో ఉన్నది వాడమన్నారు. ఊట విడిదిలోది కాదు, ఊరిది. దాన్ని రాయి మీద పోసి ఉంటే ఊరివాళ్లు కాసిని రోజులు ఏడ్చి, ఊరొదిలి వెళ్లిపోయేవాళ్లు. తమరు ఎండలో మళ్లీ బయల్దేరేవారు. దారిలో తిత్తులు అయిపోయిన రోజున ఈ కొండల్లో తమకు ఒక్క చుక్క ఇచ్చే మనిషి కూడా ఉండేవాడు కాదు. ఇప్పుడు ఆ మనిషీ ఉన్నాడు, ఆ చుక్కా ఉంది."

పోలినాయుడు అప్పటికే ఊరివైపు పరుగెత్తి, ఒక సొరకాయ బుర్ర పట్టుకుని వచ్చాడు. భయపడుతూనే ముందుకు చాచాడు. "ఊట నీళ్లు బాబూ. సల్లగుంటాయి. పరాయి ఊరి నీళ్లని అనుకోకండి."

ఉద్దండభూపతి వెండిగిన్నె కోసం చూడలేదు. బుర్రను రెండు చేతులా అందుకుని, తలెత్తి గటగటా తాగాడు. సగం తాగి ఊపిరి తీసుకున్నాడు.

"ప్రభూ," అన్నాడు బయ్యన, "సాయంకాలం కంఠీరవభట్టుగారి వర్ణనలో రెండో ఆశ్వాసం ఉంది. దానికి కూడా ధార పడాలి కదా. ఆ బుర్రలో మిగిలింది కొండ మీదికి పంపించమంటారా?"

రాజు ఆ బుర్రను గబుక్కున గుండెలకు హత్తుకున్నాడు.

హత్తుకున్నాక తన్ను తాను చూసుకున్నాడు. కిరీటం పెట్టుకుని, రత్నహారాలు వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండిన రాతి ముందు సొరకాయ బుర్రను పసిపిల్లలా పొదువుకున్న రాజు. ఆయనకు ముందు పెదవులు వణికాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఆ పైన ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. రాజు నవ్వుతుంటే భటులు బయ్యనను వదిలేసి నవ్వారు. పోలినాయుడు నవ్వాలో వద్దో తెలియక, చివరికి ఏడ్చేశాడు.

"ఊటగూడెం మీద తీర్పు రద్దు," అన్నాడు రాజు కళ్లు తుడుచుకుని. "నాయుడూ, నీ ఊరు నీదే, నీ కొండ నీదే. బయ్యనా, ముందే చెప్పకపోయావా?"

"నిన్న సాయంకాలం చెప్పాను ప్రభూ. తమరు వచ్చినప్పుడే వసంతమని సెలవిచ్చారు."

"అన్నాం కదూ!" అని రాజు మళ్లీ నవ్వాడు. "మరి నిజంగా వసంతాన్ని చూడాలంటే ఎప్పుడు రావాలి?"

"ఇక్కడికైతే ఉగాదికి. మోదుగలవనానికి ఫాల్గుణంలో. కొంగలకొలనుకు ఇంకా ముందే, మాఘంలో."

"ఇవన్నీ నీకెలా తెలుసు? ఏ శాస్త్రంలో ఉంది?"

"అక్కడ ఉండేవాళ్లను అడిగాను ప్రభూ."

రాజు తల పంకించాడు. కాని వెంటనే ఒక అనుమానం వచ్చింది. "ఉగాదికి కోటలో వసంతవర్ణన ఉంటుంది కదా. ఎలా రావడం?"

"వసంతం ఇక్కడుంటే వర్ణన అక్కడెందుకు ప్రభూ?"

ఆ మాటకు రాజు మెడలోని ముత్యాలహారం తీసి బయ్యన మెడలో వేశాడు. ఇకమీదట తన ప్రయాణాలకు కాలం నిర్ణయించే అధికారం అతనికే ఇచ్చాడు. అందరూ పోలినాయుడి ఊట పుణ్యాన గొంతు తడుపుకుని తిరుగుదారి పట్టారు. కొంగలకొలను వాళ్ల బీడును తిరిగి ఇచ్చేయమని రాజు దారిలోనే ఉత్తర్వు చేశాడు. కంఠీరవభట్టు పల్లకీలో కూర్చుని, దారి పొడుగునా తెర తీయలేదు.

మరుసటి ఏడు ఉగాదికి కోటలో పట్టుతెరలు దించలేదు. కొలువంతా ఊటగూడెం వచ్చింది.

కొండగోగులు పూసి కొండంతా పసుపు ఆరబోసినట్టుంది. కొమ్ము మీంచి వెన్నెలధార నిండుగా దూకుతోంది. తుంపర వచ్చి అందరి ముఖాల మీద పడుతోంది. వట్టివేళ్ల వాసన లేదు. తడిసిన మట్టివాసన, పచ్చి ఆకుల వాసన వస్తున్నాయి. ఉద్దండభూపతి ఒక బండరాయి మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టి, చాలాసేపు చూశాడు.

కంఠీరవభట్టు కూడా జీవితంలో మొదటిసారి జలపాతాన్ని చూస్తున్నాడు. కాసేపు ఆయన కళ్లు తడిసిన మాట నిజం. కాని అలవాటు ఎక్కడికి పోతుంది? తాటాకులు తీసి, గొంతు సవరించుకుని, వెన్నెలధార మీద కొత్త పద్యం ఎత్తుకున్నాడు.

రాజు చెయ్యెత్తి ఆపాడు.

"కంఠీరవా, కాస్త ఊరుకో. ధార వినబడటం లేదు."

అని ఆయనే ముందుగా నవ్వాడు. బయ్యన నవ్వాడు, పోలినాయుడు నవ్వాడు. చివరికి కంఠీరవభట్టు కూడా నవ్వి, తాటాకులు కట్ట కట్టేసి, వెళ్లి రాజు పక్కన కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు.